బూడిదపెట్ట ఎడమ కాలు

మొదట ఆనె అనుకున్నా.
నడిచే జీవానికి ఆనె రాకుండా ఉంటుందా,
అదీ తాడిపత్రిలో,
బండల ఫ్యాక్టరీ వెనక వీధిలో.

మూడో రోజు బూడిదపెట్ట
గింజలకు రాలేదు.
గంప పక్కన ఒంటికాలి మీద నిలబడి
మిగతావి తింటుంటే చూసింది,
పెళ్ళిలో అలిగిన మేనత్త మాదిరి.

గోడ అవతలి దస్తగిరమ్మను పిలిచినా.
ఇరవై రెండేళ్ళు అనంతపురం పెద్దాసుపత్రిలో
పుండ్ల వార్డు ఆయా.
ఇంటికొచ్చినాక ఇంక ఎవరి గాయమూ ముట్టనని ఒట్టు పెట్టుకుంది.
"కోడి కదా," అంది,
"ఒట్టులో కోళ్ళ మాట లేదులే."

కాలు తిప్పి చూసింది.
అరికాలు రేగుపండంత ఉబ్బి
నడిమధ్య నల్లటి పొక్కు.
"ఆనె కాదురా అబ్బీ. ఏదో గుచ్చుకొని
లోపల చీము గట్టిపడింది.
ఏముంది నీ దొడ్లో గుచ్చుకునేది?"

నేను పలకలేదు.
పోయిన వానలకు బురదవుతోందని
ట్రాక్టరు నిండా బండచెక్కులు తెచ్చి పరిచింది నేనే.
ఫ్యాక్టరీలో ఊరికే ఇస్తారు.
ఊరికే వచ్చినదానికీ అంచులుంటాయని
పొద్దస్తమానం అంచులు నున్నగా చేసే నాకు తోచలేదు.

స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు,
పిడికెడు రాళ్ళుప్పు.
కోడి తలకు మా చంటిదాని సాక్సు తొడిగింది.
చీకటైతే కోడికి రాత్రే,
రాత్రయితే గింజుకోదు.
పావుగంట.
నా ఒళ్ళో దాని గుండె
పక్కింటి కుట్టుమిషన్.

"గట్టిగా పట్టుకో. మొహం తిప్పుకున్నా సరే,
చెయ్యి కదిలించొద్దు."
కొత్త బ్లేడు. పొక్కు అంచు చుట్టూ.
వచ్చింది,
కారేది కాదు, పసుప్పచ్చగా, గట్టిగా,
జొన్నగింజంత, తోకతో సహా.
దాని కొసన సన్నటి నల్లరాతి పలుకు.
ఆ రాయే పొడిగా
నేను రోజూ తుమ్ముతా.

బయట విసరబోయినా.
"ఏయ్! గింజనుకొని తింటాయి అవి."
కాగితంలో చుట్టి పొయ్యిలో వేసింది.

బెటాడిన్, గాజుగుడ్డ,
పైన కరెంటు పనికి తెచ్చిన నీలం టేపు.
"తడవనీకు. ఎల్లుండి కట్టు మార్చాల.
పేషెంటు తరపు మనిషివి నువ్వేగా, సంతకం పెట్టు,"
అని నవ్వింది.
అట్ల సంతకం పెట్టినోళ్ళను ఎంతమందిని చూసిందో
అడుగుదామనుకున్నా.
అప్పటికే చేతులు కడుక్కుంటా ఉంది,
మోచేతుల దాకా, మూడుసార్లు,
సబ్బు అరిగిపోతాదన్న చింత లేకుండా.

ఎల్లుండికి కట్టు లేదు.
నీలంగా మెరుస్తోందని
మిగతా పెట్టలు పొడిచి పీకినాయి.
దస్తగిరమ్మ తిట్టింది, కోళ్ళను కాదు.
మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఉప్పు, మళ్ళీ సాక్సు.
ఈసారి విడిగా గంప కింద.

ఆదివారం చెక్కులన్నీ ఎత్తినా.
ఎత్తుతుంటే తెలిసింది ఎన్ని తెచ్చినానో.
పదిహేడు తట్టల దాకా లెక్కపెట్టి వదిలేసినా.
ఇసుక పోసి, నీళ్ళు చల్లి,
ఇంకో నాలుగు దినాలకు గంప ఎత్తినా.

తెల్లారేసరికి
దొడ్డి నిండా కోడికాళ్ళ గుర్తులు.
వాటిల్లో ఒక వరస వెతికి పట్టుకున్నా:
కుడిది లోతుగా,
ఎడమది పైపైన,
మళ్ళీ కుడిది.
గోడ దాకా పోయింది ఆ వరస,
దస్తగిరమ్మ జొన్నలు చెరిగే వైపు.