మిషిన్ల లేని ఉల్లిగడ్డ

జడ్చర్ల దాటినంక, బెంగుళూరు రోడ్డు మీద
మా హోటల్‌కు పోయినేడాది కొత్త అద్దాలొచ్చినయి.
మెనూ పుస్తకం పోయింది.
టేబుల్‌కో నల్లచుక్కల గడి అంటిచ్చిండ్రు,
ఫోన్ చూపిస్తే వంటల పేర్లన్నీ అండ్లనే కనవడతయి.
పదేండ్లు చెవి మీద పెన్ను పెట్టుకొని తిరిగినోన్ని,
ఇప్పుడు చెవి ఖాళీ.
అలవాటుకు అప్పుడప్పుడు తడుముకుంట.

సలహాలియ్యనీకి వచ్చిన మేడం చెప్పింది:
ఇగ ముందల వచ్చే గెస్టు కడుపుకు తినడు, కథకు తింటడు.
వంటిల్లు దాచొద్దు, చూపియ్యాలె.
అట్ల ఎల్కిచర్ల ఊశమ్మ అద్దం ఎనక కూసున్నది.
ఆరు నుంచి పదకొండు దాక జొన్నరొట్టెలు కొడతది.
చప్పుడు బయటికి రాదు.
రొట్టె వచ్చినంక ముందు ఫోన్ తింటది,
తర్వాత మనుషులు.
ఆ లోపల రొట్టె చెక్కైతది.

నా రాత బాగుంటదని
వంటకు నాలుగు లైన్ల కథ రాసే పని నాకిచ్చిండ్రు.
ఊశమ్మనడిగిన, నీ రొట్టె కథేందమ్మా అని.
పెనం మీంచి చూపు తీయకుంటనే అన్నది:
"కథేముంది సారూ. బియ్యం లేకుండె."
ఇంకేమన్న చెప్పమన్న.
"కోటా బియ్యమొచ్చినంక మానేసినం.
ఇప్పుడు షుగరుకు డాక్టరు రొట్టెనే తినమంటడు,
జొన్నల ధర జూస్తే మళ్ల బియ్యమే నయం."

నేను కార్డు మీద రాసిన:
పాలమూరు ఎర్రమట్టిల పుట్టి
తరతరాల అవ్వల చేతుల మీదుగా మీ పళ్లెంలోకి.
మేడం చప్పట్లు కొట్టింది.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్తే అబద్ధం.
మంచిగనే పట్టింది.

మొన్న మంగళవారం. వాన.
మందుల కంపెనీ తనిఖీకొచ్చిన సారు
మూడొందల పన్నెండుల దిగిండు.
కింద ముప్పై ఆరు కుర్చీలు నేను ఒక్కన్నే కాపలా కాస్తుంటే
ఎర్రచొక్కా పిల్లగాడు తడుసుకుంట లోపలికొచ్చి
లిఫ్టు యాడున్నదని అడిగిండు.
సారుకు బయటి బిర్యాని.
లిఫ్టు చూపిచ్చింది నేనే.

సారు వాడని కూపన్ పట్టుకొని డ్రైవరొచ్చిండు,
మక్తల్ తిర్పతయ్య.
తలుపుకాడ చెప్పులు ఇడువబోతే వద్దన్న.
ఏడో నంబర్‌ల కూసోవెట్టి, ఫోన్ల చూస్కో అన్న.
బటన్ల ఫోన్ తీసిండు.
ఇద్దరం నవ్వినం.
"రొట్టె ఉందా?"
ఉంది.

ప్లేటు పెట్టంగనే టేబుల్ ఊగింది.
తిర్పతయ్య నా కథ కార్డు తీసిండు. చదవలే.
నాలుగు మడతలు పెట్టి టేబుల్ కాలు కింద చెక్కిండు.
టేబుల్ నిలవడ్డది.
అన్ని కార్డులు రాసిన గదా,
ఒక్కటి గింత పనికొచ్చుడు గదే మొదలు.

రొట్టె తుంచి, పప్పు దిక్కు చూసి, అటిటు చూసి
"ఉల్లిగడ్డ లేదా అన్నా?"
కోసి తెస్తనన్న.
"కోసుడొద్దు."

అద్దం ఎనక ఊశమ్మకు ఎట్ల ఇనవడ్డదో!
మూడు నెలల్ల మొదటిసారి
గిరాకీ నడుమ బయటికొచ్చింది, పిండి చేతుల్తోని.
గడ్డను తెల్లబట్ట మీద వెట్టి పిడికిలితో ఒక్కటి గుద్దింది.
నా కండ్లు గూడ మండినయి.
"ఏ ఊరు బిడ్డా" అన్నది,
జవాబుకు ఆగకుంట పోయి మళ్ల పెనం ముందల కూసున్నది.
పెనం మీద రొట్టె ఉండె.

బిల్లు కొట్టేటప్పుడు మిషిన్ల ఎతికిన.
ఉల్లి రింగులున్నయి, ఉల్లి రైతా ఉన్నది,
వెనిగర్‌ల నానిన చిన్నుల్లిగడ్డలు గూడ ఉన్నయి.
గుద్దిన దానికి బటన్ లేదు.

రాత్రి మిగులు తూకం. ఇది గూడ కొత్త పద్ధతే,
ఏ టేబుల్ మీద ఎంత ఇడిసిపెట్టిండ్రో రాయాలె.
మూడొందల పన్నెండు నుంచి
సగం బిర్యాని డబ్బతోటి కిందికొచ్చింది.
మనది కాదు, రాయకు అన్నడు మేనేజరు.
ఏడో నంబర్: ఉల్లిపొట్టు, ఆరు గ్రాములు.

దీపాలు ఆర్పే ముందల ఒంగి కార్డు గుంజిన.
టేబుల్ ఊగింది.
మళ్ల అండ్లనే పెట్టిన.