ఔటర్లో

డ్రమ్ము మూత మీద చెయ్యి పెట్టినా
నాన్నకు చురుక్కుమనదు.
ముప్పై ఏళ్ళు ఆవిరి ఇంజను ముందు కాలిన వేళ్ళు,
ఫోను కూడా వాటిని వేళ్ళని ఒప్పుకోదు.
ఎంత నొక్కినా తెర కదలదు.
"సువార్తా, నువ్వు తెరువుమే" అంటాడు,
"అంకె మాత్రం నేను చదువుతా."

పెంచలయ్య కొడుకు చెన్నైనించి తెచ్చిన పుల్ల అది.
జానెడు కూడా లేదు. వైరు లేదు.
పొట్టేలు భుజంలోకి ఎముక తగలకుండా గుచ్చితే
లోపల ఎంత కాగిందో
గోడకివతల నా అరచేతికి చెబుతుంది.

మొదట నాకది నచ్చలేదు.
నిలువునా కోసిన డీజిలు డ్రమ్ము,
దానికి పాత రైలుపెట్టె తలుపు బందులు,
నాన్న చేసిచ్చిన ఈ పొయ్యి మీద
పొగ రంగు చూసి వండేదాన్ని నేను.
తెల్లగా చిక్కగా వస్తే చేదు,
సన్నగా నీలంగా పోతే మేలు.
సీమతుమ్మ మొద్దు ఎప్పుడు అలుగుతుందో
నా ముక్కుకు తెలుసు.
"పుల్ల చెప్పేదేంది నాకు" అన్నా.

నాన్నకు కోపం వచ్చింది.
బిట్రగుంట లోకోషెడ్డు మూసేసిన రోజు కూడా
ఆ గొంతు అంత లేవలేదంట.
"గేజీ చూడని ఫైర్‌మన్ ఎన్నాళ్ళు బతుకుతాడుమే?
నీళ్ళగ్లాసు ఒక్కసారి చూడక
బాయిలరుతో సహా పైకి పోయినోళ్ళుండారు.
ముక్కూ కావాల. ముల్లూ కావాల."

రేపు ఆదివారం. చర్చి అయ్యాక
అల్లూరోళ్ళ నిశ్చితార్థానికి నాలుగు భుజాలు.
సాయంత్రం ఆరింటికి ఎక్కించాం.
తొమ్మిదికి యాభై.
పదిన్నరకి అరవై ఎనిమిది.
పదకొండున్నరకీ అరవై ఎనిమిదే.
పన్నెండుకి అరవై ఏడు.

నిప్పు ఉంది. పొగ ఉంది.
డ్రమ్ములో గాలి నూట పది.
మాంసం మాత్రం కదలదు.
పుల్ల చెడిందనుకున్నా. ఫోను ఆపి, మళ్ళీ పెట్టా.
పార తీసుకుని బొగ్గుల బస్తాకేసి లేచా.

"గమ్మున కూర్చో.
చెమట పట్టింది దానికి.
నిప్పు ఇచ్చేదంతా చెమటే ఎత్తుకుపోతా ఉండాది.
బండి ఔటర్లో ఉంది.
ఔటర్లో ఉన్న బండికి బొగ్గేస్తే
సేఫ్టీ వాల్వు లేచి కూస్తాది గాని
సిగ్నలు పడదు."

పట్టాల మీద ఏదో గూడ్సు దాటింది, చాలా పొడుగుది,
ఇక్కడ ఆగే పనే లేనిది.
చివరి పెట్టె పోయేదాకా ఆయన మాట్లాడలేదు.

తర్వాత, నన్ను చూడకుండా, అంకెను చూస్తా చెప్పాడు.
నేను పుట్టిన రాత్రి
ఆయన బండి మన ఊరి ఔటర్లోనే నిలబడిందంట,
రెండు గంటల నలభై నిమిషాలు.
షెడ్డు దీపాలు కనిపిస్తా ఉన్నాయి.
క్వార్టర్ల వరసలో
మా వంటింటి దీపం ఏదో కూడా తెలుస్తా ఉంది.
దిగి పరిగెత్తితే పావుగంట.
నిప్పు విడిచి ఫైర్‌మన్ దిగకూడదు.

"వచ్చేసరికి నీ ఏడుపు కూడా అయిపోయింది.
నిద్ర పోతా ఉండావు."
అమ్మ ఏమందని అడిగా.
"ఏమంటది. చేతులు కడుక్కొని రమ్మనింది."

ఒంటిగంట యాభైకి అరవై తొమ్మిది.
నేను చూడలేదు, ఆయనే చూశాడు.
"పడింది" అన్నాడు.

నాలుగున్నరకి తొంభై మూడు.
ఎముక తడి సబ్బులా జారి చేతికొచ్చింది.
ఆయన తినడు, కిడ్నీ డాక్టరు వద్దన్నాడు.
చిన్న పీచు తీసి, వాసన చూసి, నా నోట్లో పెట్టాడు.
పుల్లను మాత్రం అడిగి తీసుకుని
ఇంజను కడ్డీ తుడిచినట్టు నూలుపీచుతో
మొన నుంచి మొదటిదాకా తుడిచి
చొక్కా జేబులో పెట్టుకుని
మంచం మీద వాలాడు.

నేను డబ్బాలు సర్దుతున్నా.
ఫోను ఆపడం మరిచిపోయా.
ముప్పై ఒకటి అంటోంది.
ముప్పై మూడు.
ముప్పై నాలుగు దగ్గర నిలబడింది.

అల్లూరోళ్ళ ఆటో వచ్చి హారను కొట్టింది.
కొట్టనీ.
ముప్పై నాలుగు.
ఇంకాసేపు చూస్తా.