పదకొండో రౌండు

క్లీవ్‌లాండ్‌లో జూలై ఉక్కపోత.
లాండ్రీలో డ్రయ్యర్ తిరుగుతోంది,
మోకాలి మీద మా జట్టు కొత్త పేర్ల చిట్టా,
చెవి సందున పెన్సిలు.

మొదటి రౌండు: నెబ్రాస్కా ఎడంచేతివాటం పిచర్.
గంటకి తొంభై ఏడు మైళ్ళట.
మోచెయ్యి చూస్తే లేత ములక్కాడ.
నూటికి డెబ్భై వేసి, చెరిపి, అరవై చేశాను.

రెండో రౌండు, మళ్ళీ పిచరే!
ఏటా కవ్వాలు కొంటారు,
ఇంట్లో పెరుగేదయ్యా?
మూడేళ్ళుగా మా షార్ట్‌స్టాప్ కాళ్ళ సందుల్లోంచి
బంతులు షికారు పోతున్నాయి.

నాలుగో రౌండు క్యాచర్,
నీళ్ళలో బర్రెకి బేరం.
ముప్ఫై అయిదు. అదీ దయతలచి.

పదకొండు: డార్నెల్ ప్రూయిట్, సెకండ్ బేస్,
అయిదడుగుల ఆరంగుళాలు.
టీవీవాడు పేరు కూడా తప్పు చదివాడు.

ఇతణ్ణి నేను చూశాను.
ఏక్రన్‌లో, ముసురులో,
తొమ్మిది పరుగులు వెనకబడ్డ ఆటలో
చేతకాని గ్రౌండర్ ఒకటి కొట్టి
ఇల్లంటుకున్నట్టు పరిగెత్తాడు.
అవుటే.
మట్టి దులుపుకోకుండా
స్కోరుబోర్డు వైపు చూశాడు,
అది తప్పేమో అన్నట్టు.

ఆ పేరు పక్కన అంకె వెయ్యలేదు.

డ్రయ్యర్ ఆగింది.
జెర్సీ ఇంకా తడిగానే ఉంది.
మరో రెండు క్వార్టర్లు వేశాను.