తప్పు రంగు

ఇరవై ఆరేళ్లు నా ఉద్యోగం తప్పులు పట్టడం.
ట్రోల్‌హెట్టన్ కార్ల ఫ్యాక్టరీలో, రంగుల షెడ్డు చివర,
ట్యూబులైట్ల సొరంగంలోకి
ఒక్కో బండీ ఆరీ ఆరకుండా వచ్చి నిలబడేది.
కళ్లను నమ్మేదాన్ని కాదు.
నూలు గ్లవ్ తొడిగిన వేళ్లతో తడిమేదాన్ని.
దుమ్ము రేణువు, జారిన బొట్టు,
నారింజ తొక్కలా పైకి తేలిన గరుకు:
ఎక్కడుంటే అక్కడ ఎర్ర టేపు ముక్క.
ఫ్యాక్టరీ మూసేసిన రోజు
సగం టేపు చుట్ట జేబులో నాతో ఇంటికొచ్చేసింది.
ఎవరూ అడగలేదు.

ఇప్పుడు వంటింటి బల్లే షెడ్డు.
కిటికీ అవతల మంచు. మూడింటికే చీకటి.
కారు అట్టపెట్టెలో వస్తుంది,
కొమ్మకు పిందెల్లా ప్లాస్టిక్ కాడలకు అంటుకుని:
స్టీరింగు, వైపర్లు, బియ్యపుగింజంత హ్యాండ్‌బ్రేకు.
కోసి, అరగదీసి, అతికించి,
నీళ్లలో ముంచిన గరుకు కాగితంతో
మళ్లీ అరగదీసి.

ఇరవై నాలుగో వంతు లోకంలో అన్నీ తగ్గవు.
దుమ్ము తగ్గదు.
నా పొయ్యి మీద ఎగిరే రేణువు
ఆ బానెట్ మీద వాలితే గులకరాయి.
రంగూ అంతే. డబ్బాలోని ఆకుపచ్చ ఉన్నదున్నట్టు కొడితే
బొమ్మ మీద నల్లగా, బరువుగా కూర్చుంటుంది.
కాస్త తెలుపు కలపాలి,
వీధి ఆ చివర నుంచి చూస్తున్నట్టుగా.
ఎంత తెలుపంటే, నాకూ తెలీదు.

నవంబరులో టూర్డ్ వచ్చాడు.
నిలబడే కాఫీ తాగే మనిషి.
తన టాక్సీ కావాలన్నాడు.
"అలాంటిది కాదు గున్‌వోర్. అదే."
ఒకే ఫోటో. ముదురాకుపచ్చ బండి,
ఎడమవైపు ముందు మడ్‌గార్డు మాత్రం వేరే ఆకుపచ్చ.
సరస్సు దారిలో దుప్పి అడ్డమొచ్చిందట.
ఇద్దరూ నడిచే ఇంటికొచ్చారు.
ఏదో పల్లె గ్యారేజీలో వేయించిన రంగు, కలవలేదు,
ఎండకి వెలిశాక కూడా కలవలేదు.
వేరే ఊలుతో రఫ్ఫు చేసిన మేజోడు అనేదట మేబ్రిట్,
ఎక్కిన ప్రతిసారీ.

నా సొరంగంలోకి వచ్చి ఉంటే
ఆ మడ్‌గార్డు నిండా ఎర్ర టేపే.

ఏదో ఒక తప్పు అయితే సులువే.
ఆ తప్పే కావాలి.
మొదటిది మరీ నీలం.
రెండోది పక్క తలుపుతో చక్కగా కలిసిపోయింది,
చేతుల అలవాటు, ఏం చేస్తాం.
మూడు, నాలుగు బురద.
ఐదోదానిలో పసుపు చుక్క వేసి పుల్లతో తిప్పుతుంటే
షిఫ్టు సైరన్ వినబడి తలెత్తాను.
ఫ్రిజ్జు.

ఏడోది చూపించాను.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.
"ఇంకా బాగుంది" అన్నాడు, ఫిర్యాదులా.

ఆ రాత్రి మంచం మీద తట్టింది:
నేను కలపాల్సింది రంగు కాదు, శుక్రవారం సాయంత్రం.
ఇంటికెళ్లాలని తొందరపడే మెకానిక్‌ని.
లేచి, నైట్‌గౌను మీదే,
డబ్బా సరిగ్గా కలపకుండా, చల్లగానే,
మరీ దగ్గర నుంచి,
ఒక్క విసురులో కొట్టేశాను.
అంచున ఒక బొట్టు జారింది.
వేళ్లు వాటంతటవే దాని మీదికి వెళ్లాయి.
వెనక్కి లాక్కుని
కేకు పెట్టె మూత బోర్లించి పడుకున్నాను.

తర్వాతి వారమంతా చిల్లర పనులు.
గుండుసూది మొనతో మీటరు అంకెలు.
ఫోటోలో పక్క సీటు మీద
ఎర్రటిదేదో కొసంత కనబడుతోంది, శాలువో, సంచో.
టూర్డ్‌ని అడగలేదు.
సిగరెట్ కాగితం మడిచి, ఎరుపద్ది, అక్కడ పెట్టాను.

అతను వచ్చి బండి చూశాడు.
చిటికెన వేలు మడ్‌గార్డుకి ఆనించి
సీటులోకి వంగి
ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.
కాఫీ చల్లారిపోయింది.

పెట్టెలో సర్దే ముందు తిరగేశాను.
గోటి కొసంత ఎర్ర టేపు చింపి
సైలెన్సర్ పక్కన, ఎవరూ చూడని చోట అంటించాను.
చుట్ట మళ్లీ సొరుగులో పడేశాను.
సగానికి
కాస్త తక్కువుంది.