నలుపు చూపించు

షార్జా రోలా సందులో
మూడో మెట్టు విరిగిన కంప్యూటర్ షాపు.
అందరూ నెమలిని చూసే కొంటారట, షిజు చెప్పాడు.
తెర మీద నెమలి పురి విప్పుతోంది,
తర్వాత చిలకలు, జలపాతం, కోసిన దానిమ్మపండు.
వాడి హిందీకి సరిపడా నా హిందీలో అన్నాను:
ఇవన్నీ వద్దు, నలుపు చూపించు.

నవ్వి, ఆపేసిన తెర చూపించాడు.
అందులో నా మొహమే ఉంది,
వెనక ట్యూబులైటు,
బట్టతల మీద ఇంకో ట్యూబులైటు.
మెరిసే తెరతో ఇదే తంటా.
మనం పని చూద్దామంటే అది మనల్ని చూస్తుంది.

నేను అజ్మాన్‌లో అబాయాలకు పూలు గీస్తాను.
పదిహేను సూదుల మిషను నా గీతల్ని కుడుతుంది.
గుడ్డ నలుపు, దారం నలుపు,
తీగ నలుపు, తీగ మీది మొగ్గా నలుపే.
నలుపంటే ఒకటా?
ఆముదం దీపం మీద పట్టిన కాటుక వేరు,
కుండ అడుగు మసి వేరు,
వాన తాగిన రేగడి వేరు.
నేరేడుపండుది నలుపని చెప్పుకునే ఊదా.
నిదా గుడ్డలో నీలం దాక్కుంటుంది,
క్రేపులో, ఎండకి పట్టి చూస్తే, ఎరుపు.

పాత ల్యాప్‌టాప్‌కి ఈ తేడాలు తెలీవు.
పోయిన రంజాన్ ముందు
ఉమ్ సయీద్ అబాయాలో, మణికట్టు దగ్గర, తీగ మాయమైంది.
తెర మీద ఉంది. గుడ్డ మీద లేదు.
ఆవిడ తిట్టలేదు,
మడతపెట్టి సంచిలో పెట్టి తిరిగిచ్చింది.
తిట్టినా బాగుండేది.

అందుకే జేబులో రెండు గుడ్డముక్కలు తెచ్చుకున్నా.
లైట్లార్పు షిజూ.

పదకొండు తెరల మీద ఒకేసారి నలుపు పెట్టాడు.
అప్పుడు బయటపడింది ఎవరి రంగేంటో.
ఒకటి బూడిద, ఒకటి పొగ.
ఒకటి నేను పక్కకి జరగ్గానే
పాలలా విరిగిపోయింది.
ఇంకోదాని అంచుల్లోంచి వెలుగు కారుతోంది,
లోపల ఎవరో నిద్రపోని గది తలుపు కింద కారినట్టు.
చివరిది కనబడలేదు.
ఉందో లేదో తడిమి చూశాను.
నిదా ముక్క పక్కన పెడితే
గుడ్డే కాస్త వెలిసినట్టుంది.
ఓలెడ్, అన్నాడు షిజు, మసీదులో మాట్లాడినంత మెల్లగా.
ధర కూడా అంతే మెల్లగా చెప్పాడు.
నాలుగు నెలలు తిండి మానేస్తే వస్తుంది.

లైట్లు వెలిగాయి. నెమళ్ళు తిరిగొచ్చాయి.

మెరుపు లేని గరుకు తెర కొన్నాను.
పక్కనుంచి చూసినా రంగు మారదు,
మిషను దగ్గర నిలబడే ఇలియాస్ కూడా చూడాలిగా.
కింద ఎడమ మూలన మాత్రం చిన్న వెలుగు మరక.
దానికి నలభై దిర్హాములు తగ్గించుకున్నా.
ఆ మూలన పూలు గీయను,
దారం నంబర్లు రాసుకుంటాను.

నిన్న ఉమ్ సయీద్ కొత్త అబాయా వేసుకుని
అద్దం ముందు కదలకుండా నిలబడింది.
తీగ కనబడలేదు.
నా నోరు ఎండిపోయింది.
డ్రైవర్ని పిలవడానికి వాకిలి వైపు చెయ్యెత్తిందా,
మోచేతి నుంచి మణికట్టు దాకా
నల్ల తీగ సరసరా పాకి, ఒక్క క్షణం ఆగి,
మళ్ళీ నలుపులో కలిసిపోయింది.
ఆవిడ చూసుకుంది. చెయ్యి దించి, మళ్ళీ ఎత్తింది.

మనిషి కదిలితే తప్ప కనబడని దారానికి
షిజు దగ్గర ఏ తెర ఉంటుంది?

వాళ్ళు వెళ్ళాక ల్యాప్‌టాప్ మూత పట్టుకుని
ముందుకీ వెనక్కీ ఊపి చూస్తున్నా.
బాబిన్ మారుస్తూ ఇలియాస్ అన్నాడు:
"ఏంది దస్తగిరన్నా, పాపకి ఉయ్యాలా?"