సందు

పుదుపేటలో మా సందుకి పేరు లేదు.
గేర్‌బాక్సుల రంగన్ షాపు పక్కది అంటారు, అంతే.
రెండు ఆటోలు ఎదురుపడితే
ఒకటి వెనక్కి పోవాల్సిందే.

ఆ సందులోకి పొద్దున్నే దిగింది
నూట ఎనభై తొమ్మిది కిలోల బండి.
ఒంటిమీద నూలుపోగు లేదు.
ఫెయిరింగ్ లేదు, గాలికి అడ్డం పెట్టే అద్దం లేదు.
రేడియేటర్ పక్కటెముకలు బయటికే,
మూడు ఎగ్జాస్ట్ గొట్టాలు
కడుపు కింద మెలికపడి బయటికే.
తలకిందులుగా నిలబెట్టిన ఫోర్కులు, పసుపు పూసిన కాళ్ళలా.
"సిగ్గులేని బండి" అన్నాడు టీ తెచ్చిన కుర్రాడు.
దాచుకోడానికేం లేదురా దానికి, అన్నాను.

తప్పన్నాను.

యాళిని నైట్ డ్యూటీ దిగి వచ్చింది,
నర్సు చొక్కా మీదే జాకెట్.
"ఇరవై నాలుగు వేలు తిరిగిందక్కా,
పొద్దున్న లేవనంటోంది.
చప్పుడు మాత్రం కొత్తలో కంటే మెత్తన."

మెత్తన అనగానే చేతిలో గ్లాసు కింద పెట్టాను.
నాన్న ఎప్పుడూ అనేవాడు:
టకటకలాడే వాల్వుకి జబ్బు లేదు అలమేలూ,
నోరు మూసుకున్నదాన్ని చూడు.

బండి తెలివి తక్కువదేం కాదు.
గ్రిప్‌కీ ఇంజనుకీ మధ్య కేబులే లేదు,
మణికట్టు తిప్పితే కబురు వెళ్తుంది, అంతే.
ఎన్ని డిగ్రీలు వాలిందో దానికి తెలుసు,
వాలిన టైరుకి ఎంత బ్రేకు ఇవ్వాలో తెలుసు.
క్లచ్ పట్టకుండా గేరు తన్నితే
రెప్పపాటులో పదో వంతు నిప్పు ఆపి,
ఆ సందులోనే పళ్ళు మార్చుకుంటుంది.
నూట ఇరవై గుర్రాలకి అంత మర్యాద.
కానీ ఈ సంగతి మాత్రం చెప్పలేదు.
స్క్రీన్ మీద ఒక్క లైటూ వెలగలేదు.

ట్యాంకు లేపాను. ఎయిర్‌బాక్స్, కాయిళ్ళు, పైమూత.
మూడు సిలిండర్లు, పన్నెండు వాల్వులు,
నూనెలో మెరుస్తున్న రెండు క్యామ్‌షాఫ్టులు.
ఇంజను చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.
వేడికి ఇనుము పెరుగుతుంది,
పెరగడానికి చోటు వదలాలి,
వెంట్రుక రెండు మూడు మందాల చోటు.
అది లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు,
మూసుకోనిచోట నిప్పు కారుతుంది,
అంచు కొంచెం కొంచెంగా కాలిపోతుంది.
బయటికి ఏమీ వినపడదు.

పాయింట్ రెండు ఐదు రేకు పదకొండింటికి దూరింది.
మూడో సిలిండర్ ఎగ్జాస్ట్, ఎడమది: దూరలేదు.
పాయింట్ రెండు. దూరలేదు.
పాయింట్ ఒకటి ఐదు. ఊహూ.
పాయింట్ ఒకటి, పేనుని దువ్వెన లాగినట్టు
కష్టంగా వచ్చింది.

చొక్కా గుండీ అంత బిళ్ళ.
రెండు పాయింట్ ఆరు తీసి
రెండు పాయింట్ నాలుగైదు పెట్టాను.
అంతే రిపేరు. దానికి మూడు గంటలు,
క్యామ్ గుర్తులు మూడుసార్లు సరిచూసుకుని,
టార్క్ రెంచి టక్కుమనేదాకా ఒక్కో బోల్టూ.

నాన్నని స్టూలు మీద కూచోబెట్టాం.
షోలవరం పందేల్లో టూస్ట్రోక్ బళ్ళ పక్కన నిలబడి
చెవులు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.
ఆయన నన్ను అడగలేదు, నేను చెప్పలేదు.
పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని
పిడి పళ్ళ మధ్య పెట్టుకుని
మొన ఇంజను తలకి ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.

యాళిని స్టార్ట్ చేసింది.
ఒక్క తిప్పుకే.

టకటక టకటక, సన్నగా, బియ్యం చెరిగినట్టు.
నాన్న దవడ వణుకుతోంది.
పిడి కొరుకుతూనే సందంతా వినపడేలా అరిచాడు:
"మూడూ మాట్లాడుతున్నాయే!"

ఎదురొచ్చిన ఆటోకీ గోడకీ మధ్య
హ్యాండిల్ పట్టేంత చోటు చూసుకుని
ఆ పిల్ల వెళ్ళిపోయింది.
పాత బిళ్ళ పొగాకు డబ్బాలో వేశాను.

నాన్న ఇంకా స్టూలు మీదే ఉన్నాడు,
స్క్రూడ్రైవర్ మొన గాలిలో,
పిడి పళ్ళ మధ్యే.