తొమ్మిదికి లోపలైతే

వార్దో రేవులో, చేపల తూకం గదిలో
బల్లకింద ఆ పాత సర్వర్.
పదేళ్ళుగా ఎవరూ ఆపలేదు,
ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని.

ఓడ్‌వార్ కొత్త క్లయింట్ తెరిచాడు.
అది నోరు తెరుస్తూనే ఏదో కాలమ్ సంగతి అడిగింది.
సర్వర్ పుట్టిననాటికి ఆ పేరే పుట్టలేదు.
ఎర్రక్షరాల్లో ఒకటే జవాబు: లేదు.
పడవలు కాచుకునున్నాయి.
ఆ పూట కాడ్ చేపల బరువులన్నీ
సుద్దముక్కతో తలుపుమీద.

ట్రోన్‌హైమ్‌లో ఇంగెబ్యోర్గ్
రాత్రి కూచుని ఒక్క షరతు రాసింది:
ముందు వయసడుగు.
తొమ్మిదికి లోపలైతే
ఆ ప్రశ్న మింగేయి.

తెల్లారి తెరమీద మొదటి తూకం,
నాలుగొందల పన్నెండు కిలోలు.
తనకోసం ఎవరో మాట తగ్గించుకున్నారని
సర్వర్‌కేం తెలుసు!
ఓడ్‌వార్ తడిగుడ్డతో తలుపు తుడిచాడు.
కోడ్‌లో షరతు పక్కన
ఆమె రాసిపెట్టిన ముక్క:
వార్దో అడిగేదాకా తీయొద్దు.